అత్తయ్యగారి బీరువాలో కారు ముక్క

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, భీమవరంలో కారంటే తెల్లగానే ఉండాలని ఎవరో శాసనం చేసినట్టుండేది. చెరువుల వాళ్ళ కార్లు తెలుపు, మిల్లుల వాళ్ళ కార్లు తెలుపు, డాక్టర్ల కార్లు మరీ తెలుపు. పెళ్ళికి వెళ్తే కల్యాణ మండపం బయట ఏది ఎవరిదో తెలియక డ్రైవర్లు తాళంచెవి పట్టుకుని వరసగా ప్రతి డోరూ తిప్పి చూసేవారు. అలాంటి ఊళ్ళోకి మా మావయ్యగారు, అంటే మా అమ్మకి తమ్ముడు, పండు మిరపకాయ రంగు కారు ఒకటి తెచ్చారు. కోయంబత్తూరులో కారు పందేల పిచ్చి ఉన్న ఒకాయన వాడి అమ్మిన బండి. నేలకి జానెడు ఎత్తులో, వెనక రెక్కతో, నిలబెట్టి ఉన్నా పరిగెడుతున్నట్టే కనిపించేది. (కంపెనీ పేరు చెప్పను. ఆ బండికి మేం చేసినవన్నీ తెలిస్తే వాళ్ళు ఇప్పటికైనా బాధపడతారు.) మావయ్యగారికి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. రోజంతా చల్లటి గదుల్లో తిరిగే మనిషికి వేడి మీద మోజు ఉండటం సహజమేనని ఇప్పుడనిపిస్తుంది.

ముందే ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళల్లో పొత్తిళ్ళలో ఉన్న బిడ్డని కూడా "పాలు తాగారా అండీ" అనే అడుగుతారు. పోట్లాడుకున్నా సరే, గొంతు పెరుగుతుందిగానీ 'అండి' తరగదు. కాబట్టి మావయ్యగారు నన్ను "అమ్మాయిగారూ" అన్నారంటే అది గౌరవం కాదు, అలవాటు. నేనప్పుడు మెకానికల్ ఇంజనీరింగు మూడో ఏడు. క్లాసు మొత్తానికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. స్పానరు పట్టుకోవడం రాదుగానీ, స్పానరు బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే మార్కులన్నీ నావే. నాన్నగారు నన్ను ఆ బ్రాంచిలో వేసింది ఇష్టపడి కాదు, కంప్యూటర్లో సీటు రాక. డిగ్రీ చేతికి రాగానే హైదరాబాదు పంపి కంప్యూటర్ కోర్సు చేయించాలన్నది ఆయన నిర్ణయం. మా పెదనాన్నగారి అమ్మాయి ఉండే హాస్టల్లో నాకు మంచం కూడా మాట్లాడేశారు. "ఆడపిల్లలకి ఏసీ గదిలో కూర్చుని చేసుకునే పనండీ అది. ఈ గ్రీజులూ గొట్టాలూ మనకెందుకు?" అనేవారు. నాకేమో ఇంజనంటే ప్రాణం. కానీ ఆ మాట చెప్పడానికి నా దగ్గర మార్కుల కాగితం తప్ప మరో సాక్ష్యం లేదు.

మావయ్యగారికి ఒక స్నేహితుడుండేవారు. రొయ్యల మేత అమ్మేవారు కాబట్టి ఊరంతా ఆయన్ని ఫీడు గారు అనేది. ఆయనకి తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఒకరోజు ఎర్ర కారు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, వంగి కిందకి చూసి, "దీని గొంతులో ముద్ద అడ్డం పడిందండీ" అన్నారు. పొగగొట్టం మధ్యలో తేనెపట్టులా సన్నటి గదులున్న డబ్బా ఒకటి ఉంటుందనీ, దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టరనీ, ప్రభుత్వం బలవంతం మీద కంపెనీ వాళ్ళు పెడతారనీ, అది పీకేసి తిన్నగా గొట్టం వేయిస్తే బండి గుర్రమైపోతుందనీ చెప్పారు. మావయ్యగారు నా వైపు తిరిగి, "ఏమంటారండీ అమ్మాయిగారూ, మీరు చదివేది ఇదే కదా?" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. (నిజంగానే లేచి నిలబడ్డాను, ప్రశ్న అడిగితే అదే అలవాటు.) "క్యాటలిటిక్ కన్వర్టరు అనగా ఇంజను నుండి వెలువడు విషవాయువులను హాని లేని వాయువులుగా మార్చు పరికరం. దాని ఉపయోగములు..." అని మొదలుపెట్టి నాలుగో ఉపయోగం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళిపోయారు. "తీయకూడదండీ, తప్పండీ" అని వెనకాల అరిచాను. "మన చెరువు గట్ల మీద పొగ ఎవరు చూస్తారండీ" అని లోపలినుంచి జవాబొచ్చింది.

మర్నాడు తణుకు అవతల ఏదో షెడ్డుకి తీసుకెళ్ళి ఆ డబ్బా కోయించేశారు. సాయంత్రం బండి తిరిగి వస్తుంటే వీధిలో వాళ్ళు రైసు మిల్లు ఊరేగింపుకి బయల్దేరిందనుకున్నారు. కోళ్ళు గోడలెక్కాయి. ఎదురింటి తాతగారు చెవి మిషను తీసి జేబులో వేసుకుని, "ఇప్పుడు బాగా వినబడుతోందండీ" అన్నారు. మావయ్యగారి ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఒక్క మా అత్తయ్యగారికే ఆ చప్పుడు వల్ల లాభం కలిగింది. మావయ్యగారి కారు పక్కనున్న ఉండి అనే ఊరు దాటిందంటే భీమవరంలో తెలిసిపోయేది. ఆవిడ అప్పుడు బియ్యం పొయ్యి మీద పెడితే ఆయన కాళ్ళు కడుక్కునేసరికి అన్నం వేడివేడిగా సిద్ధం.

కానీ గుర్రం గుర్రంలా లేదు. మలుపు తిరిగి పైకి లాగమంటే దగ్గేది. పెట్రోలు మంచినీళ్ళలా తాగేది. వెనక సీట్లో కూర్చుంటే కళ్ళు మండి, తలనొప్పి వచ్చేది. ముందు అద్దం కింద పసుపు రంగు ఇంజను లైటు ఒకటి వెలిగి, ఇక ఆరలేదు. మావయ్యగారు దాని మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కరు అంటించారు. స్వామి వెనకనుంచి వెలుగొస్తుంటే చూడ్డానికి బాగానే ఉండేది. "చూశారా అండీ, దీపం పెట్టినట్టుంది" అని అందరికీ చూపించేవారు.

ఇక కోసేసిన డబ్బా సంగతి. మావయ్యగారు దాన్ని తెచ్చి పెరట్లో పారేశారు. నేను ఊరుకోకుండా అత్తయ్యగారితో, "అది పారేసేది కాదండీ, లోపల ప్లాటినం పూత ఉంటుంది" అన్నాను. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ప్లాటినమంటే, బంగారం కన్నా ఎక్కువ అంటారు, అదేనా అండీ?" "అదేనండీ, కానీ ఉండేది చిటికెడే..." నా 'కానీ' తర్వాత మాటలు ఆవిడ వినలేదు. ఐదు నిమిషాల్లో ఆ డబ్బాకి కుంకుడురసంతో తలంటు జరిగింది. పట్టు చీర ముక్కలో చుట్టి, పసుపు బొట్టు పెట్టి, బీరువాలో నగల అరలో పడుకోబెట్టారు. నగలు పక్కకి జరిగి చోటిచ్చాయి. తర్వాత నమ్మకస్తుడైన కంసాలిని పిలిపించి, ఎన్ని గాజులవుతాయో చెప్పమన్నారు. ఆయన అద్దం పెట్టుకుని ఆ తేనెపట్టులోకి చాలాసేపు చూసి, "ఉందనే అంటారండీ. కానీ నా కుంపటికి దొరకదండీ, ముక్కుపుడకకి కూడా చాలదు" అన్నారు. ఆయన వెళ్ళాక అత్తయ్యగారు తలుపేసి, నా చెవిలో, "చూశారా, ఎంత ఉందో మనకి తెలియకూడదని అలా చెప్తున్నారు" అన్నారు.

అప్పుడే రాజమండ్రి నుంచి ఒక మోటారు క్లబ్బు వాళ్ళొచ్చి భీమవరం నుంచి జంగారెడ్డిగూడెం దాకా కార్ల ర్యాలీ పెడుతున్నామన్నారు. పందెం కాదు, వాళ్ళు చెప్పిన వేగంలో చెప్పిన వేళకి చేరాలి, అంతే. ఆ 'అంతే' మావయ్యగారికి వినబడలేదు. ఊళ్ళో అందరికంటే ముందు పేరిచ్చి, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళందరికీ టోపీలు కుట్టించారు. ర్యాలీ ఆదివారం. శుక్రవారం సాయంత్రం కాలేజీ గ్రౌండులో కార్ల తనిఖీ. అక్కడ క్లబ్బు తరఫున వచ్చిన ఒక పెద్దాయన, రిటైరైన ఇంజనీరు, ప్రతి కారు పొగగొట్టంలో సన్నటి కడ్డీ పెట్టి మిషన్లో చూస్తున్నారు. తెల్ల కార్లన్నీ వరసగా పాసై వెళ్ళిపోయాయి. ఎర్ర కారు వచ్చేసరికి మిషన్లో అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ ఇక ఎక్కడానికి చోటు లేక ఆగిపోయాయి. పెద్దాయన కళ్ళజోడు తీసి కర్చీఫుతో కళ్ళు తుడుచుకున్నారు. (ఏడుపు కాదు, మంట.) "ఇది కారాండీ, ఇటుకల బట్టీయా?" అన్నారు. గ్రౌండంతా నవ్వింది. టోపీల వాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీసి వెనక్కి దాచుకున్నారు. ఫీడు గారు ఎక్కడా అని చూస్తే అప్పటికే లేరు. "ఆదివారం పొద్దున్న బయల్దేరేలోగా సరిచేసుకొస్తే మళ్ళీ చూస్తానండి. లేకపోతే బండి ఇంటికే" అన్నారు పెద్దాయన.

మావయ్యగారిని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. తణుకు షెడ్డుకి ఫోను చేస్తే ఓనరు పెళ్ళికని పిఠాపురం వెళ్ళాడన్నారు. శనివారం పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర మెట్ల మీద కూర్చుని, "అమ్మాయిగారూ, మీరు ఆరోజే చెప్పారండి. నేను వినలేదు. ఇప్పుడు మీరే చేయాలి" అన్నారు. పరీక్షలో రాయమంటే అడిషనల్ షీట్లు తీసుకునేదాన్ని. కారు కింద పడుకోమంటే ఎటువైపు తల పెట్టాలో కూడా తెలియదు. అయినా నోరు మాత్రం, "చేస్తానండి" అనేసింది. ఆ 'చేస్తానండి' గురించి ఇప్పటికీ నాకు గర్వమే.

మొదటి గండం బీరువా. అత్తయ్యగారు తాళాలగుత్తి బొడ్లో దోపుకుని నిలబడ్డారు. "రోడ్ల మీద తిరిగే కారు కింద ప్లాటినం కట్టుకుని తిరుగుతారా అండీ? ఎవరైనా చూస్తే?" "ఎవరూ చూడరండీ, మసి పట్టేస్తుంది." "మసి పట్టిస్తారా!" ఆ తర్వాత మావయ్యగారు వచ్చి బతిమాలారు. ఫ్యాక్టరీ పరువు అన్నారు, ఊళ్ళో పరువు అన్నారు. ఆవిడ కరగలేదు. చివరికి నేనే, "అత్తయ్యగారూ, ఇది ఇవ్వకపోతే మావయ్యగారు ఆదివారం ఇంట్లోనే ఉంటారండి. రోజంతా. ఈ ముఖం పెట్టుకుని" అన్నాను. ఆవిడ మావయ్యగారి ముఖం వంక ఒకసారి చూశారు. తాళం తిరిగింది. "ఒక్క షరతండీ. నా ప్లాటినం ఎక్కడుంటే నేనక్కడ. ర్యాలీకి నేనూ వస్తాను" అన్నారు.

ఐసు ఫ్యాక్టరీలో రేకు డబ్బాలకి అతుకులు వేసే వెల్డరుండేవాడు. నేను కొలతలు చెబితే అతను అతికాడు. మధ్యాహ్నానికి డబ్బా తన చోటికి వచ్చింది. చప్పుడు సగం పైగా తగ్గింది. వీధి ఊపిరి పీల్చుకుంది. నేను గెలిచేశాననుకుని స్టిక్కరు అంచు ఎత్తి చూశాను. స్వామి వెనక దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. బండి వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసన. ఇంజను అలాగే దగ్గుతోంది. మావయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఏమైనా అన్నా బాగుండేది.

అన్నం కూడా తినకుండా బండి పక్కన కూర్చుని ఆలోచించాను. గొట్టం మొదట్లో ముక్కులాంటి చిన్న పరికరం ఉంటుంది. అది పొగ వాసన చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఇంజనుకి కబురు చేస్తుంది. ఆ కబురు తప్పితే? దానికి ముందు గొట్టానికి ఎక్కడైనా చీలిక ఉంటే బయటి గాలి లోపలికి దూరుతుంది. ముక్కుకి ఆ గాలి తగిలి, 'పెట్రోలు చాలట్లేదు, ఇంకా పంపండి' అంటుంది. ఇంజను పంపుతూనే ఉంటుంది, భోజనానికి వచ్చినవాళ్ళు చాలు చాలంటున్నా వడ్డించే మా అత్తయ్యగారిలాగా. ఇది ఏ పుస్తకంలోనూ నాలుగు మార్కుల ప్రశ్నగా రాలేదు. నాకు నేనుగా తట్టింది. కానీ చీలిక ఎక్కడ? కంటికి కనబడదు. అప్పుడు ఫ్యాక్టరీలో గాలి కొట్టే కంప్రెసరు గుర్తొచ్చింది. ఇంజను చల్లారనిచ్చి, పొగగొట్టం చివర గుడ్డ కుక్కి గాలి పంపించి, గొట్టం పొడుగునా సబ్బునీళ్ళు పోస్తే, సైకిలు ట్యూబు పంక్చరు పట్టుకున్నట్టే కదా! అత్తయ్యగారి గిన్నెల సబ్బు సగం చెక్క ఎత్తుకొచ్చాను.

ఓణీ నడుముకి బిగించి, సంచి పరుచుకుని కారు కిందకి దూరాను. పాదాలు మాత్రం బయట. వెల్డరు గాలి గొట్టం పట్టుకున్నాడు. అప్పుడే బయట చెప్పుల చప్పుడైంది. మా నాన్నగారి గొంతు, నా పాదాలని ఉద్దేశించి, "బాబూ, మా అమ్మాయి ఇటు వచ్చారా అండీ? పొద్దున్న అనగా ఇంట్లోంచి వచ్చారట" అంది. పాదాలు రెండూ దగ్గరికి లాక్కున్నాను. ఇక దాచేదేముంది? "నేనేనండీ నాన్నగారూ" అన్నాను. తర్వాత పంచె అంచు కనిపించింది, మోకాలు కనిపించింది, చివరికి నేల మీద అడ్డంగా ఆయన ముఖం కనిపించింది. నా ముఖాన మసి, జుట్టు నిండా సబ్బు నురగ. "ఏం చేస్తున్నారండీ?" అన్నారు, చాలా నెమ్మదిగా. తిడితే ఏడ్చేసేదాన్నే. నెమ్మదిగా అడిగేసరికి మొత్తం చెప్పేశాను. ముక్కు సంగతి, గాలి సంగతి, తప్పుడు కబురు సంగతి. ఈసారి 'అనగా' అనలేదు, 'ఉపయోగములు' అనలేదు. ఆయన అంతా విని, వెల్డరు వైపు తిరిగి, "గాలి ఇలా ఇవ్వండి" అని గొట్టం తను తీసుకున్నారు. "ఇప్పుడు కొట్టనా?" "కొట్టండి నాన్నగారూ." మొదటి అతుకు దగ్గర ఏమీ లేదు. రెండో అతుకు, ఏమీ లేదు. ఇంజనుకి దగ్గరగా, తణుకు షెడ్డు వాళ్ళు గొట్టం వంచినచోట, సబ్బు బుడగ ఒకటి పుట్టి, ఉబ్బి, టప్పున పేలింది. దాని వెనక ఇంకోటి. "వచ్చిందండీ!" అని నేను లేవబోయి తల కారుకేసి కొట్టుకున్నాను. "ఏదండీ, ఏదీ?" అంటూ మా నాన్నగారు ఇస్త్రీ పంచెతో సహా కిందకి దూరిపోయారు.

ఆదివారం తెల్లవారుజామున వెల్డరు ఆ చీలిక అతికితే, నేను మళ్ళీ కారు కిందకి దూరి చూసుకుని, చేతికీ ముఖానికీ మసితోనే బయటికొచ్చాను. పొద్దున్న గ్రౌండుకి వెళ్ళాం. వెనక సీట్లో అత్తయ్యగారు పులిహోర క్యారేజీతో, పక్కన నేను. నాన్నగారు వెనకాల స్కూటరు మీద. పెద్దాయన కడ్డీ పెట్టారు. అంకెలు మళ్ళీ ఎక్కాయి! శుక్రవారమంత కాదుగానీ పాసయ్యేంత తక్కువా కాదు. "ఇంతేనండీ, పక్కకి తీయండి" అన్నారాయన. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి. మావయ్యగారి చెయ్యి గేరు మీదకి వెళ్ళిపోయింది. నేను డోరు తీసుకుని దిగాను. "అయ్యా, ఇంజను ఇంకా చల్లగా ఉందండి. మా ఇంటి నుంచి ఇక్కడికి రెండు వీధులే. కన్వర్టరు బాగా వేడెక్కితేగానీ పని మొదలుపెట్టదండి. ఉండి దాకా వెళ్ళి రానివ్వండి, అప్పుడు చూడండి" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూశారు. "ఎవరమ్మా మీ మెకానిక్కు?" మావయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి, మైకు లేకుండానే గ్రౌండంతటికీ వినబడేలా, "వారేనండి! మా మేనకోడలు గారు!" అన్నారు. పెద్దాయన మీసం కదిలింది. "వెళ్ళి రండి" అన్నారు.

ఉండి వెళ్ళొచ్చాం. దారి పొడుగునా అత్తయ్యగారు కింద తన ప్లాటినం వేడెక్కిపోతోందని బాధపడుతూనే ఉన్నారు. మళ్ళీ కడ్డీ పెట్టారు. అంకెలు ఎక్కబోయి, ఆగి, దిగడం మొదలుపెట్టాయి. దిగాయి, ఇంకా దిగాయి, తెల్ల కార్ల కన్నా కిందకి దిగాయి. ఆయన మిషను మీద వేలితో కొట్టి మళ్ళీ చూశారు. అదే అంకె. "ఎక్కడ పట్టుకున్నారమ్మా తప్పు?" అని అడిగితే చెప్పాను. సబ్బునీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వి, చెయ్యి చాచారు. జీవితంలో నాకు మొదటి షేక్ హ్యాండు అది. నా చేతి మసి ఆయన చేతికంటింది, ఆయన తుడుచుకోలేదు. జనంలో టోపీలన్నీ మళ్ళీ తలల మీదకి వచ్చేశాయి.

ర్యాలీలో మాకే బహుమతీ రాలేదు. ఆయిల్ పామ్ తోటల మధ్య రోడ్డు ఖాళీగా కనబడితే మావయ్యగారి కాలు ఆగలేదు. చెప్పిన వేళ కన్నా చాలా ముందే చేరిపోయి మార్కులు పోగొట్టుకున్నారు. కానీ ఎత్తెక్కే ఆ రోడ్డు మీద బండి దగ్గలేదు, మెత్తగా, గట్టిగా, ఒక్క గుక్కలో లాగింది. "ముద్ద అడ్డం ఉన్నా పాడుతోందండీ ఇది!" అని ఆయన అరుస్తుంటే, వెనకనుంచి అత్తయ్యగారు పులిహోర పొట్లం అందిస్తూ, "నా ప్లాటినం మహిమండీ" అన్నారు. ఎవరూ కాదనలేదు.

నాన్నగారికి ఎదురుగా మెచ్చుకోవడం రాదు. కానీ ఆ నెలలోనే ఒక పెళ్ళిలో, పెదనాన్నగారు హాస్టలు మంచం సంగతి ఎత్తితే, పక్క వరసలో భోజనం చేస్తున్న నా చెవిన పడింది. "ఆ మంచం ఎవరికైనా ఇచ్చేయమనండి. మా అమ్మాయి ఇంజన్ల వైపు వెళ్తారు" అన్నారు, అప్పడం విరుస్తూ, అది ఎప్పటినుంచో తన నిర్ణయమే అయినట్టు. నేను తలెత్తలేదు. విస్తరిలో పప్పు ఉప్పగా అయ్యింది, అంతే.

ఇప్పుడు నేను చెన్నైలో కార్ల పొగ పరీక్షించే చోట పనిచేస్తున్నాను. గది నిండా మిషన్లు, తెల్ల కోటు, చేతికి తొడుగులు. మసి అనేది నా దగ్గరికి రావాలంటే అనుమతి అడగాలి. ఒక్కోసారి కొత్తగా చేరిన పిల్లలు ఏదో చిక్కు పట్టుకుని కళ్ళు మెరుస్తూ వస్తుంటే, ఆ ఆదివారం సాయంత్రం గుర్తొస్తుంది. ర్యాలీ నుంచి ఇంటికి వచ్చాక అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నేను ముఖం కడుక్కోలేదు. పాలు పోయించుకోవడానికి నేనే వీధిలోకి వెళ్ళాను, అవసరం లేకపోయినా పక్కింటికి పంచదారకి వెళ్ళాను, ఎదురింటి తాతగారికి నమస్కారం కూడా పెట్టొచ్చాను, అందరూ నా చెంప మీది నల్లటి చారని చూడాలని. ఒక్కరైనా అడిగి ఉంటే మొత్తం చెప్పేదాన్ని. అందరూ "ముఖాన ఏదో అంటిందండీ అమ్మాయిగారూ" అన్నారేగానీ ఎలా అంటిందని ఒక్కరూ అడగలేదు. అయినా ఆ పిల్ల ఎంత టెక్కుగా నడిచిందో! ఆ నడక నాకిప్పుడు రమ్మన్నా రాదు.